హోరు తగ్గాలి

నిరుడు ఎండాకాలం మా అమ్మ మిరప కల్లంలో కాయలు ఏరుతూ ఉన్నట్టుండి పడిపోయింది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది, మాట లేదు. ఆటోలో వేసుకుని నరసరావుపేట ఆసుపత్రికి తీసుకొచ్చాను. అదే వారంలో మా వీధిలో ఒకాయన వడదెబ్బకే పోయాడు. దారి పొడుగునా నాకు ఆయన ముఖమే కనపడింది.

"ఒళ్లు చల్లబడాలి. అప్పటిదాకా ఈ గది వేడెక్కకూడదు," అని డాక్టరు సెలైన్ పెట్టించి, తడిగుడ్డలు కప్పించి వెళ్లాడు. కిటికీ బయట ఏసీ పెద్ద మిషన్ హోరుమంటోంది. ఆ హోరే నాకు ధైర్యం. కాసేపటికి అది సన్నబడింది, ఇంకా సన్నబడింది, చివరికి వినపడనే లేదు.

"మిషన్ ఆగిపోయింది సిస్టర్! మా అమ్మ చచ్చిపోద్ది!"

నర్సు పరుగున వచ్చి, చెవి పెట్టి విని, నా మీద విసుక్కుంది. "ఏందమ్మా ఆ అరుపులు? ఆగలా. ఇది పాతవాటి మాదిరి ఆగి మళ్లీ మొదలయ్యేది కాదు. గది చల్లబడితే కంప్రెసర్ నిదానిస్తది, వేడెక్కితే జోరందుకుంటది. హోరు తగ్గిందంటే మంచిదే."

అప్పట్నుంచి నా చెవులు కిటికీకే అతుక్కుపోయాయి. ఈలోగా ఊళ్లో కబురు తెలిసింది. మా వైపు మనిషి ఆసుపత్రిలో ఉంటే చూడ్డానికి రాకపోవడం జన్మకు మరవని తప్పు. ట్రాక్టరెక్కి వచ్చేశారు. తలుపు తీయడం, ఇద్దరు రావడం, "ఎంత పనైందమ్మా" అని ఏడవడం, మళ్లీ ఇద్దరు. వాళ్ల వెంట వరండాలోని వడగాలి. మిషన్ హోరు పెరిగింది. అమ్మ నుదురు ముట్టుకుంటే ఇంకా కాలుతూనే ఉంది.

"అందరూ బయటికి పోండి!" అన్నాను.

మా పెద్దమ్మ కొబ్బరిబోండాం పట్టుకుని అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. "నా చెల్లెల్ని నేను చూడకూడదా?"

"చూడొద్దు పెద్దమ్మా. అడ్డం లే."

లోపలున్నవాళ్లను బయటికి నెట్టి, ఆమె ముఖం మీదే తలుపేసి, గడియ పట్టుకుని ఏడ్చాను. అమ్మ దక్కకపోతే, తోడబుట్టిన దానికి కడసారి చూపు కూడా లేకుండా చేసినదాన్నవుతాను. అయినా గడియ తీయలేదు.

పొద్దు వాలేసరికి హోరు సన్నబడింది. నుదురు చల్లబడి అమ్మ కళ్లు తెరిచింది. నన్ను చూసింది, నా వెనకాల ఖాళీ గోడలు చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమే, నన్ను చూడ్డానికి ఒక్కళ్లన్నా రాలా?"

పరుగున వెళ్లి తలుపు తీశాను. వరండాలో పెద్దమ్మ అదే బోండాంతో నేల మీద కూర్చుని ఉంది, వెనకాల ఊరంతా. అందరూ ఒక్కసారిగా లోపలికి వచ్చారు. మిషన్ మళ్లీ హోరందుకుంది. అందుకోనీ అనుకున్నాను.