పైపులు మెత్తబరిచే నూనె

మార్కాపురంలో పలకల పని తగ్గిపోయాక నేను, మా వదిన ఊరి బయట పైపుల షెడ్డులో చేరాం. అప్పటికి మా తాలూకా కర్నూలు జిల్లా నుంచి ప్రకాశంలో కలిసి చాలా ఏళ్లయింది. వదిన అంటే మా అన్న భార్య. మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ.

షెడ్డులో నీళ్లు పట్టే మెత్తటి పచ్చ పైపులు చేసేవాళ్లు. తెల్లటి ప్లాస్టిక్ పొడిలో డ్రముల్లోంచి తీసిన నూనె పోసి మిక్సర్లో వేడి చేస్తారు. ఆ నూనె కలిస్తేనే పైపు వంగుతుంది, లేకుంటే కట్టెలా విరుగుతుంది. దాన్ని అందరూ డీఓపీ అనేవాళ్లు. వదినది మిక్సర్ దగ్గర పని. అవతలి చివర పైపులు చుట్టలు చుట్టి కట్టడం నా పని.

పలకల దుమ్ము కంటే ఇదే సుఖమనుకున్నాం. వదిన నూనె చేతులు కొంగుకు తుడుచుకుని సద్ది తినేది. మిక్సర్ మూత తీస్తే ఘాటైన పొగ ముఖాన కొట్టేది. షెడ్డుకు కిటికీలు లేవు. ఎండాకాలం దాటేసరికి ఆమె కళ్లు ఎర్రబడ్డాయి, దగ్గు పట్టుకుంది, వేళ్ల సందుల్లో తోలు ఊడింది.

"నూనేనమ్మా, ఏం చేస్తాది?" అనేవాడు యజమాని. పండక్కి మాకు తలా ఒక ఖాళీ డ్రమ్ము ఇచ్చాడు. ట్యాంకరు వచ్చినప్పుడు వాటిలోనే తాగే నీళ్లు పట్టుకునేవాళ్లం.

దగ్గు తగ్గకపోయేసరికి వదినను కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ ఏం పని చేస్తావని అడిగి, అంతా విన్నది.

"దగ్గు ఆ పొగ వల్లేనని ఖాయంగా చెప్పలేను. కానీ దాన్ని పీల్చొద్దు. సబ్బుతో చేతులు కడగందే అన్నం ముట్టొద్దు. ఆ డ్రముల్లో నీళ్లు తాగొద్దు" అంది. తర్వాత నావైపు చూసి, "కడుపుతో ఉన్నవాళ్లు అసలు ఆ ఛాయలకే పోకూడదు" అంది. నాకప్పుడు ఐదో నెల.

ఇంటికి రాగానే వదిన గునపంతో మా రెండిళ్ల డ్రమ్ములకూ బొక్కలు కొట్టింది.

"బంగారమట్లా డ్రమ్ములు పాడుచేసినావేందమ్మే, మాకిస్తే పోయేది గదా" అంది ఎదురింటామె.

మర్నాడు వదిన యజమానిని పని మార్చమని అడిగింది.

"అట్లయితే నీ ఆడబిడ్డను మిక్సర్ దగ్గర పెడతా. నువ్వు చుట్టలు కట్టు" అన్నాడు.

"ఆ పిల్ల కడుపుతో ఉంది."

"నిలబడి పోసేదే గదమ్మా, బరువేముంది?"

వదిన నావైపు చూసింది. "వద్దులేయ్యా, నేనే ఉంటా. ఆ గోడకు ఒక ఫ్యానన్నా పెట్టించు" అంది. పక్కనే ఉన్న నాకు మనసు కుదుటపడి, వెంటనే ఏడుపొచ్చింది.

ఫ్యాను పెట్టించేసరికి నెల దాటింది. పొగ వెనక చేలోకి పోయేది. నేల కడిగిన జిడ్డు నీళ్లు కాలవలో ఎప్పుడూ అటే పోయేవి. ఆ చేను రైతు రెండుసార్లు వచ్చి అరిచి పోయాడు. కాలవ మాత్రం మారలేదు.

కూలి లేకుంటే గడవదని అప్పటిదాకా లాగి, నేను ఏడో నెలలో మానేశాను. బిడ్డ ఆరోగ్యంగా పుట్టింది. వదిన ముక్కుకు గుడ్డ కట్టుకుని ఇంకో ఏడాది చేసి, తర్వాత రెండు బర్రెలు కొనుక్కుని ఇంటిపట్టునే ఉండిపోయింది. చేతులు బాగయ్యాయి. దగ్గు మాత్రం చలికాలం వస్తే ఇప్పటికీ మొదలవుతుంది. ఎందుకో ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు.