పెట్టెలోకి వదిలిన గాలి

ఏడో నెలలోనే పుట్టిన ఆ ఆడపిల్ల నా రెండు అరచేతుల్లో ఇమిడిపోయింది. అప్పటికి నేను కృష్ణగిరిలో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేరి రెండేళ్లయింది. తల్లి కావేరిపట్టణం దగ్గరి పల్లెలో కూలిపని చేసుకునే మనిషి. అంతకుముందు పుట్టిన ముగ్గురూ ఆమెకు దక్కలేదు.

మా దగ్గర అద్దం మూత ఉన్న చెక్కపెట్టె ఒకటి ఉండేది. బిడ్డను అందులో పడుకోబెట్టి, సిలిండర్ నుంచి రబ్బరు గొట్టంతో ఆక్సిజన్ వదిలేవాళ్లం. పెదవులు నీలమైతే మర ఇంకొంచెం తిప్పేదాన్ని. రంగు తేరుకునేది. తేరుకున్నాక తగ్గించాలని ఎవరూ చెప్పలేదు. ఎంత ఎక్కువైతే అంత మేలనుకున్నాం. డాక్టరు చెప్పినదానికంటే నేను ఎక్కువే ఇచ్చాను. ఈ పిల్లను పోనివ్వకూడదని నా పంతం. నెల దాటాక బిడ్డను తల్లి ఒడిలో పెట్టిన రోజు ఆసుపత్రంతా చూడడానికి వచ్చింది.

నాలుగు నెలలకు తల్లి తిరిగి వచ్చింది.

“అమ్మా, ఇది నా మొగం చూసేదే లేదు. దీపం ఈడ పెట్టినా ఆడ పెట్టినా కన్ను తిరగదు.”

డాక్టరు టార్చి వేసి చూశారు. నల్లగుడ్డు వెనక తెల్లటి పొర. నెలలు నిండని బిడ్డ కదా, పుట్టుకలోనే లోపమన్నారు. నేనూ నమ్మాను.

కొన్నేళ్లకు కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది. పెట్టెలో బిడ్డ ఉండగా సిలిండర్ మర ఎంత తిప్పి ఉందో చూసి మమ్మల్నందరినీ పిలిచింది. “నెలలు నిండని బిడ్డల కంట్లో రక్తనాళాలు ఇంకా పెరుగుతూ ఉంటాయి. ఆక్సిజన్ మితిమీరితే అవి చెడిపోతాయి. చూపు పోతుంది. పైదేశాల్లో ఎంతోమంది పిల్లలకు ఇట్లే అయింది,” అంది.

నేను బయటికి వెళ్లి చేతులు కడుక్కున్నాను. మళ్లీ మళ్లీ కడుక్కున్నాను.

ఆ ఆదివారం బస్సెక్కి ఆ పల్లెకు పోయాను. తల్లి వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. కూర్చుని అంతా చెప్పేశాను. ఆమె చేతులు ఆగాయి.

“తక్కువ పెట్టుంటే చూపుండునా?”

“ఉండేదేమో. లేకుంటే బిడ్డే ఉండేది కాదేమో. నాకు తెలీదమ్మా.”

ఆమె చేతిలోని కాయ ఒలిచి గింజలు చాటలో వేసింది. “దానికి మాత్రం చెప్పొద్దు,” అంది చివరికి.

లోపలి నుంచి పిల్ల గోడ పట్టుకుని వచ్చింది. “ఎవురమ్మా వచ్చింది?”

“ఆస్పత్రి అమ్మ. నిన్ను బతికించినామె.”

పిల్ల నా ముఖమంతా వేళ్లతో తడిమింది. నేను కదలకుండా కూర్చున్నాను.

తర్వాత అర్జీలు రాసి, తిరిగి, పిల్లను అంధుల బడిలో చేర్చాను. అక్కడ చదువుతోపాటు కుర్చీలు అల్లడం నేర్చింది. సెలవులకు ఇంటికొచ్చినప్పుడల్లా వెళ్లి చూసేదాన్ని. నన్ను పెద్దమ్మా అనేది. పదహారేళ్లప్పుడు ఒకరోజు అన్నం తింటూ అడిగింది.

“పెద్దమ్మా, మా బడిలో ఒకామె చెప్పింది, నాలాగ నెలలు నిండకుండ పుట్టినోళ్లకు మొదట్లో కండ్లు బాగనే ఉంటాయంట. నాకెట్లుండె? నువ్వు చూసినావు గదా?”

తల్లి వైపు చూశాను. ఆమె తల ఎత్తలేదు.

“పుట్టినప్పట్నుంచే అంతేనమ్మా,” అన్నాను.

పిల్ల తలూపి అన్నం కలుపుకుంది. తల్లి లేచి లోపలికి పోయింది. నేను బస్సుకు బయల్దేరేదాకా బయటికి రాలేదు.