టీవీ దాకా రానిస్తేనే వైరు

కట్టంగూర్‌లో మొదటి కేబుల్ వైరు లాగింది యోహాను. 1994 ఎండాకాలంలో, బస్టాండు పక్కన టీవీలు రిపేరు చేసే రజాక్ తన డాబా మీద డిష్ బిగించాడు. ఆ డిష్ నుంచి ఇంటింటికీ వైరు తీసుకుపోవాలంటే స్తంభాలు ఎక్కాలి, జాయింట్లు కొట్టాలి. రజాక్‌కు మోకాలి నొప్పి. అందుకని యోహానును పిలిచాడు.

యోహాను ఇల్లు మాదిగవాడలో. తాతల నాటి నుంచి చర్చికి పోయే కుటుంబం. నల్లగొండ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు పాసై, కరెంటు ఆఫీసులో ఉద్యోగం కోసం నాలుగేళ్లు ఎదురుచూసి, అది రాక బావుల కాడ కాలిపోయిన మోటార్లు బాగు చేసుకుంటూ బతికేవాడు. అప్పటికి ముప్పై ఏళ్లు ఉంటాయేమో. సన్నటి మనిషి. చేతిలో పని ఉన్నంతసేపు పక్కన ఎవరున్నారో కూడా చూసేవాడు కాదు.

నేను అప్పుడు ఆ ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ని. నా గదిలో ఉన్న చిన్న టీవీకి కనెక్షన్ ఇవ్వడానికి వచ్చినప్పుడు అతని పని చూశాను. నల్లటి వైరు మీది తోలును కత్తితో గుండ్రంగా కోసి ఒలిచాడు. లోపల వెంట్రుకల్లాంటి రాగి పోగులు అల్లిన జాలి ఉంది. దాన్ని జాగ్రత్తగా వెనక్కి దువ్వి, తెల్లటి గుజ్జును కోసి, నడుమ ఉన్న ఒంటి తీగను బయటికి తీశాడు.

“గీ జాలి పోగు ఒక్కటి నడిమి తీగకు తాకినా చాలు సారూ, బొమ్మ మీద ఉప్పు చల్లినట్టయితది” అన్నాడు.

తర్వాత టీవీ ముందు మూత తెరిచి, చిన్న చిన్న చక్రాలు తిప్పుతూ ఒక్కొక్క ఛానెలూ పట్టించాడు. అరగంట పట్టింది. నేను కుర్చీ జరిపితే, “వద్దు సారూ, బట్టలు దుమ్మున్నయి” అని నేల మీదే కూర్చున్నాడు. దుమ్ము మాటే అనుకున్నాను. ఊళ్లో ఇంకా ఎన్ని ఇళ్లల్లో ఏం జరుగుతోందో నాకు అప్పటికి తెలియదు.

పెద్ద ఇళ్లల్లో యోహానును అరుగు దాటనిచ్చేవాళ్లు కాదు. వైరు కావాలి, బొమ్మ కావాలి, మనిషి మాత్రం వద్దు. అతను వైరును కిటికీలో నుంచి లోపలికి అందించి, బయట నిలబడి, లోపలున్న వాళ్లకు ఎలా కోయాలో, ఎలా బిగించాలో చెప్పాలి. వాళ్లు సగం విని సగం వదిలేసి ఏదో ఒకటి బిగించేవాళ్లు. బొమ్మ సరిగ్గా రాకపోతే మళ్లీ రజాక్ దుకాణానికి కబురు. “మీవోనికి పని రాదు” అని.

పటేలు ఇంటికి కనెక్షన్ ఇచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. 1996 ఫిబ్రవరి. వరల్డ్ కప్ మ్యాచ్‌ల కోసం పటేలు సుదర్శన్‌రెడ్డి కొత్త కలర్ టీవీ కొన్నాడు. దాన్ని నడిమింట్లో, దేవుడి గది పక్కన పెట్టారు. ఆయన మనవడికి నేను సాయంత్రం పూట లెక్కలు చెప్పేవాణ్ని. కాబట్టి ఆ నడిమింట్లో నాకొక కుర్చీ ఉండేది.

యోహాను తల్లి బిక్షమ్మ ఆ ఇంటి కొట్టంలో ముప్పై ఏళ్లుగా పేడ తీస్తోంది. కొడుకు వైరు చుట్ట భుజాన వేసుకుని అరుగు దగ్గరికి రావడం ఆమె కొట్టంలో నుంచి చూసింది.

“కిటికీలకెళ్లి ఇయ్యి రా” అన్నాడు పటేలు. “మా అల్లుడు బిగిస్తడు.”

అల్లుడు సూర్యాపేట నుంచి మ్యాచ్ చూద్దామని వచ్చిన కుర్రాయన. కత్తి పట్టుకోవడం కూడా సరిగా రాదు.

“పటేలా, మీద మీద కొయ్యాలె. జాలి తెగొద్దు, లోపలి తీగకు తాకొద్దు” అని యోహాను కిటికీ ఊచలు పట్టుకుని చెబుతున్నాడు. “ఆగుండ్రి, ఆగుండ్రి, జాలిని ఎనకకు తియ్యాలె!”

“నాకు తెల్వదానోయ్?” అని అల్లుడు పిన్ను తిప్పేసి టీవీలో గుచ్చాడు.

బొమ్మ వచ్చింది. కానీ మనుషులంతా వడగళ్ల వానలో నిలబడ్డట్టున్నారు. యోహాను కిటికీ బయట నుంచే తల అటూ ఇటూ ఆడించాడు.

“పోగు తాకింది. జర నన్ను లోపలికి రానిస్తే రెండు నిమిషాల్ల...”

పటేలు భార్య, దొరసాని, మాట పూర్తి కానివ్వలేదు. “దేవునర్ర పక్కపొంటి ఉన్నది. నీకు తెల్వదా?” అంది.

యోహాను ఊచల మీది చేతులు తీసేశాడు. నా వైపు ఒకసారి చూశాడు. నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను. పిల్లవాడి నోటుబుక్కులోకి చూశాను. ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా నా మీద నాకు కోపం వస్తుంది.

మర్నాడు బస్టాండులో పదిమంది ముందు పటేలు రజాక్‌తో అన్న మాట ఇది: “ఏం మనిషిని పెట్టుకున్నవయ్యా? వానికి ఓనమాలు రావు. టీవీ ఖరాబు చేసి పోయిండు.”

ఆ మాట యోహానుకు చేరడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. నేరుగా రజాక్ దుకాణానికి వచ్చాడు. సోల్డరింగ్ వైరు కొనడానికి నేను అప్పటికే అక్కడున్నాను.

“తప్పు ఎవలు చేసిండ్రు భాయ్? నేను చేసిన్నా? నా చెయ్యి తాకని పనికి నాకు పేరువెడ్తరా?”

“జర సబర్ చెయ్యి యోహాను” అన్నాడు రజాక్. “పెద్దిల్లు. వాళ్ల గోడ మీదికెళ్లే మన లైన్ పోతాంది. రేపు మ్యాచ్ ఉన్నది, చుట్టాలు వచ్చిండ్రట. ఒక్కసారి పొయి సరిచేసి రా.”

“పోత. గని టీవీ కాడికి పోతనే చేస్త. లేకుంటే చెయ్య.”

వెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను, ఎందుకో నాకే తెలియదు. అరుగు మెట్టు ముందు నిలబడి యోహాను మెల్లగానే చెప్పాడు.

“పటేలా, నేను చదువుకున్న పని ఇది. లోపలికి వచ్చి చేస్త. బొమ్మ అద్దం లెక్క రాకుంటే అప్పుడు నన్ను తిట్టుండ్రి.”

పటేలు ముఖం ఎర్రబడింది. లోపలి నుంచి దొరసానే ఉపాయం చెప్పింది. ఇద్దరు జీతగాళ్లు నడిమింట్లోకి వెళ్లి, ఆ పెద్ద టీవీని చంటిపిల్లను ఎత్తినట్టు ఎత్తుకొచ్చి అరుగు మీద, దుమ్ములో పెట్టారు.

“ఇగో, చెయ్యి” అన్నాడు పటేలు.

యోహాను ఆ టీవీని చూశాడు. దాని వెనక వేలాడుతున్న, అల్లుడు పాడు చేసిన వైరు ముక్కను చూశాడు. సంచిలో నుంచి తీసిన పట్టుకారును మళ్లీ సంచిలో వేసుకున్నాడు.

“టీవీని బయటికి తెచ్చిండ్రు గని మనిషిని లోపలికి రానియ్యలే” అన్నాడు. “నాతోని కాదు పటేలా.”

వెనక్కి తిరిగి, వాకిలి దాటి వెళ్లిపోయాడు. అరుగు మీదున్న చుట్టాల్లో ఒకడు నవ్వబోయి, ఎవరూ నవ్వకపోయేసరికి ఆగిపోయాడు.

ఆ సాయంత్రమే బిక్షమ్మను కొట్టం పనికి రావద్దన్నారు. ఆమె ఇంటికి వచ్చి కొడుకు మీద పడింది. ఈ సంగతి యోహానే తర్వాత నాకు చెప్పాడు.

“ముప్పై ఏండ్లు పేడ తీసిన. ఒక్కనాడు గడప తొక్కలే. నువ్వెందుకు తొక్కాలనుకున్నవ్ రా?”

“నువ్వు తొక్కలేదనే” అన్నాడట.

తెల్లారి ఆమె పొద్దున్నే కొంగు బిగించుకుని పత్తి చేనుకు పోయింది. దారిలో ఎవరో, “నీ కొడుకు గట్ల చేసిండేంది?” అని అడిగితే, “నా కొడుకు పని నేర్చినోడు” అని మాత్రం అన్నదట.

రజాక్ ఏం చేశాడంటే, మోకాలు పట్టుకుని తానే పటేలు ఇంటికి వెళ్లి పిన్ను మార్చి వచ్చాడు. బొమ్మ శుభ్రంగా వచ్చింది. తప్పు అల్లుడిదని ఆయన చెప్పలేదు. దాంతో “యోహానుకు పని రాదు” అన్న మాటే ఊళ్లో నిలిచింది. అది విని యోహాను నడుముకు కట్టుకునే బెల్టు, పట్టుకారు, కత్తి తెచ్చి రజాక్ బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ మోటార్ల పనికి దిగాడు.

జూన్‌లో గాలివాన వచ్చింది. స్తంభాల మీది వైర్లు ఎక్కడికక్కడ తెగి పడ్డాయి. నకిరేకల్ నుంచి పిలిపించిన మనిషి రెండు రోజులు తిరిగినా ఏ జాయింటు ఎటు పోతుందో అంతు పట్టలేదు. ఊరంతా రజాక్ దుకాణం ముందు నిలబడి అరవడం మొదలుపెట్టింది. మూడో రోజు రజాక్ మాదిగవాడకు నడిచి వెళ్లాడు. యోహాను ఇంట్లో మంచం మీద కూర్చుని, బిక్షమ్మ ఇచ్చిన చాయ్ తాగాడు.

“ఆనాడు నేను వైరు ఇప్పి చూసిన” అన్నాడు. “జాలి పోగు తాకి ఉన్నది. అల్లుని తప్పని తెలిసి కూడా నోరు తెరవలే. గిరాకీ పోతదని ఫికర్ పడ్డ. మాఫ్ చెయ్యి.”

“నాకు చెప్తే ఏం లాభం భాయ్? బస్టాండ్ల చెప్పు” అన్నాడు యోహాను.

రజాక్ బస్టాండులోనే చెప్పాడు. అంతటితో ఆగలేదు. దుకాణం ముందు ఒక అట్ట కట్టాడు: “కనెక్షన్ కావలసినవారు మిస్త్రీని టీవీ దాకా రానివ్వాలి.” అట్ట మీది అక్షరాలు నేను రాసినవే. ఆలస్యంగా చేసిన ఆ చిన్న పని నా తప్పును కడగదని తెలుసు.

యోహాను నాలుగు రోజుల్లో లైను మొత్తం నిలబెట్టాడు. పదకొండు ఇళ్లవాళ్లు మాత్రం లోపలికి రానివ్వబోమన్నారు. వాళ్ల వైర్లను స్తంభం దగ్గరే చుట్టి కట్టేశాడు. “మా డబ్బులు పుచ్చుకుని మాకే కట్ చేస్తరా?” అని గొడవకు వచ్చారు. రజాక్ అట్ట వైపు వేలు చూపించాడు. రెండు వారాలు గడిచేసరికి ఏడు ఇళ్ల తలుపులు తెరుచుకున్నాయి. మనసు మారి కాదు, ఆడవాళ్లకు సీరియళ్లు, మగవాళ్లకు క్రికెట్ ఆగిపోయి.

పటేలు మాత్రం పంతం పట్టాడు. తన గోడ మీద ఉన్న కేబుల్ మేకులు ఒక్కటీ ఉంచకుండా పీకించాడు. దాంతో అవతలి బజారుకు బొమ్మ ఆగింది. నేను హెడ్మాస్టరును బతిమాలి బడి ప్రహరీ మీదుగా వైరు పోవడానికి ఒప్పించాను. యోహాను ఒక్క రోజులో కొత్త దారి వేశాడు. పటేలు మిద్దె మీద యాంటెన్నా పెట్టించుకుని దూరదర్శన్‌తో రెండేళ్లు గడిపాడు.

1998లో ఆయన మనవడు దుకాణానికి వచ్చి, “మా నానమ్మ రమ్మన్నది” అన్నాడు. యోహాను ముందు దర్వాజాలో నుంచే వెళ్లాడు. నడిమింట్లో, దేవుడి గది పక్కన నేల మీద కూర్చుని పిన్ను బిగించి, ఒక్కొక్క ఛానెలూ పట్టించాడు. అతను ఉన్నంతసేపూ పటేలు వెనక గదిలో నుంచి బయటికి రాలేదు.

నేను కట్టంగూర్ నుంచి బదిలీ అయ్యే ముందు ఒకసారి అడిగాను, ఇప్పుడు ఎలా ఉందని.

“ఇప్పుడు రమ్మంటున్నరు సారూ. కొన్నిండ్లల్ల కుర్చీ గూడ ఏస్తున్నరు” అన్నాడు. వైరు చుట్టను భుజం మీదికి ఎత్తుకున్నాడు. “నేను పోయినంక నేల కడుగుతున్నరట. వాకిట్లకు నీళ్లు రావుడు నేనే చూసిన. అది ఆగాలంటే ఇంకెన్ని వైర్లు కట్ చెయ్యాల్నో.”

బజారు చివర ఎవరో స్తంభం దగ్గర నుంచి అతన్ని పిలిచారు. అటు వెళ్లాడు.