ట్రాండ్‌హైమ్ రేవు నుంచి చర్చి దాకా

మేముండే నోవై ఊళ్లో చలికాలం నడక అంటే మాల్‌లోనే. షాపులు తెరవకముందే తలుపులు తీస్తారు. మాలాంటి వాళ్లం లోపల చుట్లు తిరుగుతాం. నిరుడు జనవరిలో నా భార్య మంచు మీద జారిపడింది, మోకాలి చిప్ప పగిలింది. ఆపరేషన్ అయి, చేతికర్ర కూడా పక్కన పెట్టాక, ఆమెను ఆ మాల్‌లోనే మళ్లీ నడిపించాను. మోచేయి పట్టుకుని పక్కనే నడుస్తూ, ఒక చుట్టుకు ఎంతసేపు పడుతోందో చూసుకునేవాణ్ణి.

ఆమె నర్సు. ఆమె ఉద్యోగం వల్లే మేం ఈ దేశం వచ్చాం. నేను ఇంటర్‌తో చదువు ఆపినవాణ్ణి. కారు విడిభాగాల గోడౌన్‌లో ఏ ట్రక్కులో ఎంత పడుతుందో, ఏది ఎప్పటికి చేరుతుందో లెక్కకట్టడం పనిలోనే నేర్చుకున్నాను. ఇంట్లోనూ ఎప్పుడు బయల్దేరాలో చెప్పేది నేనే.

హాస్పిటల్ వాళ్లు ఆమెకు ఫోన్ దగ్గర కూర్చునే పని ఇస్తామన్నారు. వార్డుకు తిరిగి వస్తారో, ఆ కుర్చీ తీసుకుంటారో చెప్పమన్నారు. ఆమె ఎటూ చెప్పలేదు. ఒకరోజు నార్వే తీరం వెంట ఊరూరా ఆగుతూ ఉత్తరానికి పోయే ఓడను ఫోన్‌లో చూపించి, అందులో వెళ్దామంది.

"వేసవిలో బుక్ చేస్తాను," అన్నాను.

"మంచు లేనప్పుడు నడిస్తే నాకేం తెలుస్తుందండీ? ట్రాండ్‌హైమ్‌లో ఓడ ఆగుతుంది. రేవు నుంచి ఆ పాత రాతి చర్చి దాకా నడిచి వెళ్లి, నడిచి రావాలి. వచ్చానా, వార్డుకి వెళ్తాను. రాలేదా, ఫోన్ దగ్గర కూర్చుంటాను."

అలా ఈ ఏడు ఫిబ్రవరిలో ఆ ఓడ ఎక్కాం. ట్రాండ్‌హైమ్‌లో అది ఆగేది మూడు గంటలకు కాస్త తక్కువ. మాల్‌లో ఆమె నడక వేగాన్ని బట్టి చూస్తే పోవడానికి గంట, రావడానికి గంట. చర్చిలో అరగంట. మిగిలిన కొద్ది నిమిషాలు మంచు మీద జారుడుకని వదిలాను.

పొద్దున దిగేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. బూట్ల అడుగున ఇనుప ముళ్లున్న రబ్బరు పట్టీలు తొడిగాను. ఆమె మోచేయి పట్టుకున్నాను. వంతెన మీద నుంచి చూస్తే ఏటి ఒడ్డున కొయ్య స్తంభాల మీద నిలబడిన పాత గోదాములు ఎరుపు, పసుపు రంగుల్లో కనిపించాయి. ఆగి చూద్దామంది. వచ్చేటప్పుడు చూద్దామన్నాను. సరిగ్గా గంటకు చర్చి ముందున్నాం. నాకు కొంచెం గర్వంగానే అనిపించింది.

గుమ్మం లోపల ఆమె బెంచీ మీద కూర్చుని బూట్లు విప్పడం మొదలుపెట్టింది.

ఆమె పుట్టి పెరిగింది కాకినాడ దగ్గర. అక్కడి చర్చిలోనే కాదు, నోవైలో మేం ఆదివారం ప్రార్థనకు అద్దెకు తీసుకునే హాల్లోనూ చెప్పులు బయటే విడుస్తాం. అది తెలిసి కూడా నేను లెక్కలోకి తీసుకోలేదు. పట్టీలు లాగాలి, తడిసి బిగుసుకున్న లేసులు విప్పాలి, సరిగా వంగని మోకాలు చాపి బూటు ఊడదీయాలి. మళ్లీ అన్నీ తొడగాలి.

టికెట్లు చూసే ఆవిడ కంగారుగా వచ్చి, "అవసరం లేదండీ, నేల చాలా చల్లగా ఉంటుంది," అని ఇంగ్లిష్‌లో చెప్పింది.

"తెలుసండీ. మాకు అలవాటు," అని నా భార్య నవ్వింది. నేనూ విప్పాను. మేజోళ్లతో ఆ రాతి నేల మీద నడుస్తుంటే చలి మడమల్లోంచి పైకి పాకింది. ఆమె స్కార్ఫ్ తల మీదికి లాక్కుని కళ్లు మూసుకుంది. నేను కళ్లు మూసుకోలేదు. వాచీ చూశాను, ఆమె ముఖం చూశాను, ఇక వాచీ చూడలేదు.

బయటికొచ్చేసరికి నా లెక్క తప్పిపోయింది. వచ్చిన వేగంతో వెళ్తే రేవు చేరేలోపే ఓడ కదిలిపోతుంది.

"టాక్సీ పిలుస్తాను," అన్నాను.

"వద్దు."

"ఓడ వెళ్లిపోతుందే!"

"చెయ్యి వదలండి."

"జారతావు."

"ఏవండీ, ఆపరేషన్లయిన వాళ్లని ఎంతమందిని నడిపించానో మీకు తెలీదు. మోచెయ్యి పట్టుకుని ఆపితే ఎవరూ వేగంగా నడవరు. మాల్‌లో మీరు కొలిచింది నా నడక కాదు, మీ భయం. పక్కన రండి చాలు."

వదిలాను. మొదట రెండు చేతులూ కాస్త ఎడంగా పెట్టి, చిన్న అడుగులు వేసింది. ముళ్లు మంచులో దిగుతున్న చప్పుడు మెల్లగా ఒక తీరుకొచ్చింది. వంతెన దగ్గరకొచ్చేసరికి ఆమె నాకంటే ముందుంది. గోదాముల ముందు ఆగి తనివితీరా చూసింది కూడా. అందుకోబోయి నేనే జారి, రెయిలింగ్ పట్టుకున్నాను.

"మెల్లగా రండి, పడతారు!" అంది వెనక్కి తిరిగి.

రేవు కనిపించేసరికి మా ఇద్దరి మధ్య దూరం బాగా పెరిగింది. ఓడ మెట్ల దగ్గరి కుర్రాడితో ఆమె నన్ను చూపిస్తూ ఏదో చెబుతోంది. ఆయాసపడుతూ చేరేసరికి చివరి మాట వినిపించింది: "మా ఆయన. కొంచెం నెమ్మది."

పైకెక్కి, కిటికీ పక్క సోఫాలో కూర్చుని ప్యాంటు మడిచింది. మోకాలు వాచింది. నేను వంగి చూశాను.

"అలా చూడకండి. ఇంత నడిస్తే వాస్తుంది, ఐస్ పెడితే తగ్గుతుంది," అని వేళ్లతో నొక్కి చూసుకుంది, రోగి మోకాలు చూసినట్టే. తర్వాత ఫోన్ తీసి ఏదో టైప్ చేసి, పంపాక నా వైపు తిప్పింది. వార్డుకే వస్తానని మేనేజర్‌కు రాసింది.

చదివి తిరిగిచ్చాను.

"డే షిఫ్టేనా?" అని అడిగాను.

"డేనే అడిగాలెండి. వెళ్లి ఐస్ తెండి. పరుగెత్తకండి, ఓడ ఊగుతోంది."