అలలు లేని చోటు

మా ఆయన ఒడ్డువైపే ఈదుతున్నారు, కానీ తల మాత్రం అంతకంతకూ దూరమవుతోంది. అది గమనించగానే ఏడుస్తూ నీళ్ల అంచుదాకా పరుగెత్తాను.

మాది నరసరావుపేట. పెళ్లయిన ఎనిమిదేళ్లకు, పిల్లలిద్దరినీ అమ్మ దగ్గర వదిలి, మేమిద్దరమే రెండ్రోజులు సముద్రం దగ్గర గడుపుదామని వెళ్లాం. జనం, గోల లేని చిన్న ఊరు కావాలని వెతికి ఎంచింది నేనే. ఇప్పుడు కేకేస్తే పలకడానికి కనుచూపు మేర ఎవరూ లేరు.

ఆయన ఈత నేర్చుకున్నది మా ఊరివైపు పారే సాగర్ కాలవలో. "ఆ అలల్లో మనకెందుకే? అదిగో, అక్కడ నీళ్లు చానా నిమ్మళంగా ఉన్నయ్" అంటూ, రెండు పక్కలా అలలు విరుగుతుంటే మధ్యలో నున్నగా కనిపించిన నీళ్లలోకి దిగారు.

నా ఏడుపు విని, పడవల వెనక చేపలు ఎండబెడుతున్న ముసలమ్మ పరుగున వచ్చింది.

"ఆ నున్నటి చోటేనమ్మా లోపలికి లాగేది! ఎదురీదమాకయ్యా, పక్కకి కొట్టు, పక్కకి!" అని అరుస్తూ కొంగు ఊపింది.

ఆయన పక్కకు తిరిగి, అలలు విరిగే చోటికి ఈదారు. అంతసేపూ లాక్కెళ్లిన ఆ సముద్రమే, ఒక్కో అలతో ఆయన్ని తోసుకొచ్చి దూరంగా ఇసుకలో దించింది. ముసలమ్మ నీళ్లకు దణ్ణం పెట్టింది. మేమూ పెట్టాం.

మర్నాడు పొద్దున పిల్లలు ఫోన్ చేసి, "సముద్రం ఎట్టుందమ్మా?" అని అడిగారు.

"చానా పెద్దది నాన్నా. ఈసారి మిమ్మల్నీ తీసుకొస్తాం. ఇక్కడ ఒడ్డున ఒక మామ్మ ఉంది. ఆమెనడిగి, ఆమె సరేనంటేనే కాళ్లు తడుపుకుందాం" అని చెప్పాను.