పగిలినా ఫిర్యాదు రాని పూస

2023 వర్షాకాలం. నర్సీపట్నంలో బలిఘట్టం వెళ్లే దారిలో మా అద్దె ఇంటి వెనక గదే నా కార్ఖానా. కార్ఖానా అన్నానని పెద్దగా ఊహించుకోకండి. ఒక బల్ల, గ్యాస్ బండకు తగిలించిన, మంట చిమ్మే టార్చి, రంగురంగుల గాజు కడ్డీలు, మూలన బియ్యం డబ్బా అంత కరెంటు కొలిమి, అంతే. గాజు కడ్డీని మంటలో కరిగించి, ఇనుప చువ్వ మీద చుట్టి పూస చేయడాన్ని లాంప్‌వర్క్ అంటారు. ఆ పూసలతో దండలూ జూకాలూ చేసి, దుకాణాల వాళ్లు టోకున కొనుక్కునే ఒక వెబ్‌సైట్‌లో పెడతాను. నాకు తోడు నూకరత్నం. రోలుగుంట నుంచి రోజూ షేర్ ఆటోలో వస్తుంది. వయసులో నాకంటే ఐదేళ్లు చిన్న, నోటికి మాత్రం పదేళ్లు పెద్ద.

మంటలోంచి తీసిన పూసను ఉన్నపళంగా చల్లారనివ్వకూడదు. పైన గట్టిపడి లోపల వేడి మిగిలితే గాజులో బిగువు ఉండిపోతుంది. అది కంటికి కనబడదు. ఎప్పుడో ఒక రోజు, ఎవరూ ముట్టుకోకుండానే పూస పగులుతుంది. అందుకే వేడి కొలిమిలో పెట్టి గంటల తరబడి మెల్లగా చల్లారుస్తాం. దీన్ని అనీలింగ్ అంటారు. కొలిమి కొనకముందు మా వీధి చివర జీడిపిక్కల బట్టీ నుంచి వేడి బూడిద తెచ్చి, పూసలను అందులో పూడ్చేదాన్ని. చిన్న పూసలు కాబట్టి శుభ్రంగా చల్లారేవి. అన్నేళ్లలో పగిలిందంటూ ఒక్క కబురూ రాలేదు. ఆ ధీమా నాకు బాగా తలకెక్కింది.

ఆ ఏడాది దిష్టి కన్ను పూసలు మొదలుపెట్టాను. నీలం మీద తెలుపు, తెలుపు మీద నల్ల చుక్క, రూపాయి బిళ్లంత వెడల్పు, గుచ్చిన నల్లదారంతో సహా. కారు అద్దానికో, గుమ్మానికో కట్టుకుంటారని నా ఉద్దేశం. సైట్‌లో ఫోటో కూడా కారుదే పెట్టాను. కాకినాడలో ఫ్యాన్సీ దుకాణం నడిపే శైలజ గారు నూట ఇరవై ఆర్డర్ పెట్టారు. సగం పూసలు అయ్యాయి. రేపు పార్శిల్ కట్టాలనగా గాలివానకు కరెంటు పోయింది. చెప్పిన రోజుకు డిస్పాచ్ చేయకపోతే ఆ సైట్ మన దుకాణాన్ని జాబితాలో అడుక్కి తోసేస్తుంది. మంట గ్యాసుతో వెలుగుతుంది కానీ కొలిమికి కరెంటు కావాలి.

"బట్టీకి వెళ్లి బూడిద పట్రావే" అన్నాను.

"ఇంత లావు పూసలకి బూడిద సాల్తాదా అక్కా?"

"ఇన్నేళ్లూ చాల్లేదా?" అని కసిరాను. నూకరత్నం మూతి ముడుచుకుని బక్కెట్ పట్టుకుని వెళ్లింది. మిగతా అరవై పూసలూ బూడిదలోనే చల్లారాయి. అవీ ఇవీ కలిపేసి, ఎందుకైనా మంచిదని అదనంగా చేసిన పది పూసలు మాత్రం డబ్బాలో ఉంచుకుని, పార్శిల్ పంపేశాను. ఆ పది కూడా బూడిదలో పెట్టినవే.

రెండు వారాలకు శైలజ గారు మా పేజీలో ఒక ఫోటో పెట్టారు. ఎనిమిది నెలల పిల్లాడు. మణికట్టుకు నల్లదారం, దారానికి నా పూస. ఆ పూసను నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ నవ్వుతున్నాడు. కింద ఐదు నక్షత్రాలు. నిజం చెప్పాలంటే ముందు మురిసిపోయాను. నూకరత్నం కూడా "ఎంత ముద్దుగున్నాడో సంటోడు" అంది.

మర్నాడు ఉదయం జూకాలు కడుతుంటే డబ్బాలోంచి టిక్ మని వినిపించింది.

"ఏటక్కా ఆ సప్పుడు?"

మూత తీశాను. పదింటిలో మూడు పూసలు రెండేసి చెక్కలై పడున్నాయి. అంచు మీద వేలు ఆనిస్తే రక్తం వచ్చింది. చూస్తుండగానే ఇంకొకటి విచ్చుకుంది. నాకు ఆ పిల్లాడి నోరే కళ్ల ముందు కదిలింది. కాకినాడలో అలాంటి అరవై పూసలు, మంచివాటిలో కలిసిపోయి, ఎన్ని నోళ్లలో ఉన్నాయో!

శైలజ గారి ఫోన్ నంబరు నా దగ్గర లేదు. బేరాలు బయట కుదుర్చుకుంటామని ఆ సైట్ నంబర్లు ఇవ్వదు. మెసేజ్‌లో నా నంబరు రాస్తే చెరిపేసి, ఇంకోసారి రాస్తే ఖాతా మూసేస్తామని హెచ్చరించింది. చివరికి ఒక్కో అంకెనూ తెలుగు మాటల్లో రాసి పంపాను. అది వెళ్లింది. ఆవిడ ఫోన్ చేసేదాకా గదిలో తిరుగుతూ ఏం చెప్పాలో అనుకుంటున్నాను.

"దారం నాసిరకం, పూస ఊడి మింగేస్తారేమో, వెనక్కి పంపండి అంటాను" అన్నాను నూకరత్నంతో. ఒప్పుకోవడానికి సిగ్గేసింది. భయమూ వేసింది. పేరు పోతే ఈ గది ఉండదు.

నూకరత్నం చేతిలో పని ఆపింది. "దారం బాగోలేదంటే దారం మార్సుకుని మళ్లీ కట్టేస్తారు గదక్కా."

ఇంతలో ఫోన్ మోగింది. జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

"అదేంటండి బాబూ! గాజుని బూడిదలో ఆరబెట్టి పంపేత్తారా? ఎనభై మూడు అమ్మేశానండి. ఎక్కువ మంది చంటిపిల్లల తల్లులే. నా కొట్టు ఏమైపోవాలి?" అన్నారు శైలజ గారు.

"మీ తప్పేం లేదండీ, నాదే అని నా పేరుతో చెప్పండి. వీడియో పంపుతాను" అన్నాను. పగిలిన చెక్కలు చేతిలో పెట్టుకుని, ఈ పూసలు విరుగుతాయి, వెంటనే తీసేయండి, తప్పు నాది అని మాట్లాడి పంపాను. తలచుకుంటే ఇప్పటికీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఆవిడ తిట్టుకుంటూనే తెలిసిన వాళ్లందరికీ పంపారు, కొట్టు ముందు బోర్డు పెట్టారు. పూసలు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. ఫోటోలోని పిల్లాడి తల్లి మాత్రం, శైలజ గారిచ్చిన నంబరుకు ఎంత చేసినా, రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. ఆ రెండు రోజులూ గంటకోసారి ఆ నంబరు నొక్కుతూనే ఉన్నాను.

మూడో రోజు ఆ అమ్మాయే నాకు ఫోన్ చేసింది. "ఊరెళ్లామండి, సిగ్నల్ లేదు. ఏంటో పూస గురించంట?"

"బాబు బాగున్నాడా అమ్మా? పూస పగల్లేదు కదా?"

"ఆ మొదటిది పోయినవారమే పగిలిందండి. నీళ్లు పోస్తుంటే తొట్లో పడిపోయింది. మా అత్తగారు తెగ సంతోషపడ్డారండి. దిష్టంతా అదే లాగేసుకుందంట. అందుకే మళ్లీ ఇంకోటి కొన్నామండి."

"ఇప్పుడది ఎక్కడుంది?"

"వాడి చేతికే ఉందండి. నోట్లో పెట్టుకున్నాడు."

"తీసెయ్యమ్మా! ముందు తీసెయ్, తర్వాత మాట్లాడుకుందాం" అని అరిచాను. పూస లాగేసుకున్నందుకు పిల్లాడు గుక్కపట్టి ఏడవడం ఫోన్‌లో వినిపిస్తే ప్రాణం లేచొచ్చింది.

అన్నేళ్లూ ఒక్క ఫిర్యాదు రాలేదని నేను విర్రవీగాను కదా. ఈ పూస విషయంలో ఫిర్యాదు ఎప్పటికీ వచ్చేది కాదు. నా తప్పు పగిలి చేతికొస్తే, జనం దాన్ని మేలనుకుని ఇంకొకటి కొనుక్కుంటారు. కొన్నవాళ్లు ఏమీ అనలేదంటే సరుకు బాగుందని కాదని నాకు అప్పుడు తెలిసింది. సరుకును అనుమానించాల్సింది చేసినవాళ్లే.

అమ్మిన ఎనభై మూడింటిలో డెబ్బై నాలుగు దొరికాయి. మిగతా తొమ్మిది ఎవరి దగ్గరున్నాయో శైలజ గారికీ తెలియదు, నాకూ తెలియదు. ఇప్పుడు మేం పంపే ప్రతి దిష్టి పూసతోనూ ఒక చీటీ పెడతాం. అమ్మకాలు తగ్గుతున్నాయి, తీసెయ్యమని దుకాణాల వాళ్లు గోల పెడుతూనే ఉంటారు. నేను తీయను. అందులో ఇలా ఉంటుంది: "పసిపిల్లలకు కట్టకండి. ఈ పూస పగిలితే దిష్టి పోయినట్టు కాదు. నేను సరిగ్గా చేయనట్టు. నాకు ఫోన్ చేసి తిట్టండి."