గడియ చప్పుడు

మా ఆయన భూపాలపల్లి బొగ్గు గనిలో పనిచేస్తాడు. సెలవుకు వచ్చి వెళ్లిన ప్రతిసారీ నాకు మూత్రంలో మంట పట్టుకునేది. ఇక రావద్దని చెబుదామా అనుకుంటున్న రోజుల్లో, మహబూబాబాద్ నుంచి జనగామ వెళ్లే బస్సులో పక్కనున్న పెద్దామె నీళ్ల సీసా అందించింది. తాగితే మళ్లీ మంట భరించాలని వద్దన్నాను.

నా ముఖం చూసి, "మంటనా బిడ్డా? మీ ఆయన వచ్చి పోయిండా?" అంది చెవిలో.

తల దించుకున్నాను.

"నాకు గూడ అయ్యేది. ముందుగాల దవాఖానల సూపించుకో. నీళ్లు మంచిగ తాగు. ఇగ కలిసినంక లేచి ఒంటికి పోయి రావాలె, ఆపుకోవద్దు."

"తలుపు బయటనే అత్తమ్మ పండుకుంటది. గడియ చప్పుడైతది అవ్వా."

"కానియ్యి. మీ అత్త గూడ ఒకప్పుడు గడియ తీసిందే గద!" అని నవ్వి, తన ఊరు రాగానే దిగిపోయింది.

మందులతో మంట తగ్గింది. తర్వాత ఆయన వచ్చినప్పుడు గడియ తీశాను. అత్తమ్మ గోడవైపు తిరిగి పడుకుంది, అంతే.

ఈమధ్య ఆయనకు సెలవు దొరకడం లేదు. మా గడియ తెల్లవారేదాకా చప్పుడు చేయడం లేదు.